మూలకణ మార్పిడి తర్వాత అన్నయ్యకి ఏం పెట్టాలి?

ప్రశ్న:
అన్నయ్యకి లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్. అక్క మూలకణాలతో (స్టెమ్ సెల్స్) మార్పిడి చేశారు, మొన్ననే ఇంటికొచ్చాడు. నోట్లో పుండ్లు మానలేదు. ఏం పెట్టినా ఇనుము నాకినట్టుందంటున్నాడు. అమ్మ ఒక్క ఆవకాయ ముద్దైనా పెడతానంటోంది. పెట్టొచ్చా?

జవాబు:
తమ్ముడూ, ఆవకాయ ఇప్పుడొద్దు. కారం, పులుపు పుండ్లని మండించేస్తాయి. మా వారికి నేను జారుగా ఉడికించిన పెసరపప్పన్నం, సగ్గుబియ్యం జావ, సొన గట్టిపడేదాకా ఉడికిన గుడ్డు మెత్తగా చిదిమి, గోరువెచ్చగా పెట్టేదాన్ని. గిన్నె నిండుగా తెస్తే చూడగానే మొహం తిప్పేసేవారు. చిన్న కప్పులో గంటా రెండు గంటలకోసారి ఇస్తే తినేవారు. స్టీలు చెంచా బదులు ప్లాస్టిక్‌ది వాడి చూడండి, ఆ ఇనుప రుచి కాస్త తగ్గుతుంది. మిరియాల పొడి, కొత్తిమీర పొయ్యి మీదుండగానే వేయండి, దించాక పచ్చిగా చల్లొద్దు. రాత్రి మిగిలిన అన్నం, బయటి చట్నీ, చెరకురసం, గుడి ప్రసాదం, ఎవరు నొచ్చుకున్నా సరే, వద్దనండి.

జవాబు (డైటీషియన్‌ని):
ఇమ్యూనిటీని అణచే మందులు టాక్రోలిమస్ గానీ సైక్లోస్పోరిన్ గానీ వాడుతుంటే పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ అసలొద్దు. రక్తంలో మందు మోతాదు పెరిగిపోతుంది. పచ్చివన్నీ మానేయాలన్న పాత నియమాన్ని ఇప్పుడు చాలాచోట్ల సడలించారు. కడిగి తొక్క తీసిన అరటిపండు, ఇంట్లో తోడేసిన పెరుగు ఎప్పటినుంచి ఇవ్వొచ్చో మీ డాక్టర్‌ని అడగండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అక్కా, థాంక్స్ మేడమ్. బంధువులొకరు తిప్పతీగ రసం తెచ్చారు, ఇమ్యూనిటీకి మంచిదట.

డైటీషియన్:
ఇవ్వొద్దండీ. అక్క కణాలు ఆయన ఒంటి మీద దాడి చేయకుండా ఇమ్యూనిటీని అణచి ఉంచడానికే ఆ మందులు.