ల్యాప్‌టాప్ మౌస్ ప్యాడ్‌ను మూత మధ్యలో పెట్టి మూయొచ్చా, మూయకూడదా?

పలకాబలపం:
ల్యాప్‌టాప్ కోసమే అని అమ్మే పలుచటి మౌస్ ప్యాడ్‌లు ఉంటాయి కదండీ. ఒక వైపు మౌస్ నడవడానికి సన్నటి గరుకు, రెండో వైపు మైక్రోఫైబర్ గుడ్డ. పనయ్యాక గుడ్డ వైపు స్క్రీన్‌కి తగిలేలా కీబోర్డు మీద పరిచి మూత మూసేయమని పెట్టె మీద రాసి ఉంటుంది. స్క్రీన్ మీద మీటల మచ్చలు పడవు, ప్యాడ్ దాచుకోవడానికి వేరే చోటూ అక్కర్లేదు. వినడానికి బాగానే ఉంది. కానీ మూత మధ్యలో ఏ వస్తువూ ఉండకూడదనే మాట కూడా అంతే గట్టిగా వినిపిస్తోంది. నాది 14 అంగుళాల సన్నటి ల్యాప్‌టాప్, ప్యాడ్ మందం 0.8 మి.మీ. ఏది నమ్మాలి? ఇంకొకటి: ఇప్పటి మౌస్‌లు ఎక్కడ పెట్టినా నడుస్తున్నాయి కదా, అసలు ప్యాడ్ ఎందుకు?

స్క్రూడ్రైవర్:
పెట్టకండి. సన్నటి ల్యాప్‌టాప్‌లలో మూత మూసినప్పుడు మీటలకీ స్క్రీన్‌కీ మధ్య మిగిలే సందు మిల్లీమీటర్‌లో కొన్ని వంతులే. 2020లో ఆపిల్ కెమెరా మూతల గురించి మ్యాక్‌బుక్ వాడేవాళ్లకు ఇచ్చిన సూచన చూడండి: కెమెరా మీద ఏదైనా అంటించే తీరాలంటే మామూలు ప్రింటర్ కాగితం మందం, అంటే 0.1 మి.మీ., దాటకూడదు, దాటితే మూత మూసే ముందు తీసేయాలి. మీ ప్యాడ్ అలాంటి కాగితాలు ఎనిమిది పేర్చినంత ఉంది.

అసలు ప్రమాదం ఎక్కడంటే హింజ్ (మూత తిరిగే కీలు) దగ్గర. మీరు మూతను ముందు అంచున నొక్కుతారు, అది హింజ్‌కి 20 సెం.మీ. పైనే దూరం. ప్యాడ్ వెనక అంచు హింజ్‌కి 2 సెం.మీ. దగ్గరలో ఇరుక్కుంటే అక్కడ పడే బలం మీరు వేసినదానికి పది రెట్లు. గునపంతో బండరాయి లేపడం లాంటిదే, కాకపోతే ఇక్కడ లేచేది మీ స్క్రీన్. ముందు వైపు మూత పూర్తిగా పడకుండా ఎత్తుగా కనిపిస్తుంది, ఎవరైనా ఇంకొంచెం నొక్కుతారు, కింది మూలలో గాజు చిట్లుతుంది.

గుడ్డముక్క:
స్క్రూడ్రైవర్ గారూ, కెమెరా మూతనీ ప్యాడ్‌నీ ఒక గాటన కట్టకండి. కెమెరా మూత గట్టి ప్లాస్టిక్ ముక్క, బలమంతా గాజు మీద ఒక్క చోటే పడుతుంది. మెత్తటి ప్యాడ్ పూర్తిగా పరుచుకుని ఉంటుంది కాబట్టి బరువు పంచుకుంటుంది. ఇంకా చెప్పాలంటే కొత్త ల్యాప్‌టాప్ పెట్టె విప్పితే కీబోర్డుకీ స్క్రీన్‌కీ మధ్య పలుచటి ఫోమ్ కాగితం ఉండనే ఉంటుంది. మధ్యలో ఏదీ ఉండకూడదంటే తయారుచేసినవాళ్లే ఎందుకు పెడుతున్నారు?

పైగా స్క్రీన్ చుట్టూ ఎత్తైన ప్లాస్టిక్ చట్రం ఉన్న పాత, మందపాటి ల్యాప్‌టాప్‌లు ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో స్క్రీన్ చట్రం కంటే లోపలికి ఉంటుంది. అక్కడ పలుచటి గుడ్డ హాయిగా పడుతుంది, మీటల జిడ్డు స్క్రీన్‌కి అంటదు.

స్క్రూడ్రైవర్:
> తయారుచేసినవాళ్లే ఎందుకు పెడుతున్నారు?

ఆ ఫోమ్‌ని వేళ్ల మధ్య నొక్కి చూడండి, దాదాపు ఏమీ మిగలదు. ఆ మోడల్ కొలతకే కోసినది, దుమ్ము లేనిది, రవాణా కోసం ఒక్కసారి పెట్టినది. మౌస్ ప్యాడ్‌లో గరుకు పొర గట్టి ప్లాస్టిక్, నొక్కితే తగ్గదు. రోజంతా బల్ల మీద ఉండి ఇసుక రేణువులు, బిస్కెట్ నలుసులు ఎత్తుకుంటుంది. గుడ్డ వైపే బల్లకి ఆనేది, గుడ్డ వైపే స్క్రీన్‌కి తగిలేది! స్క్రీన్‌ని కాపాడాల్సిన ముఖంతో బల్ల తుడుస్తున్నాం. అందులో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే మీరు చెప్పిన బరువు పంపకం అక్కడితో సరి. బలమంతా ఆ రేణువు మీదే.

మచ్చల సంగతి. ఆపి ఉన్న స్క్రీన్ మీద మీటల ఆకారంలో గళ్లు కనిపిస్తున్నాయంటే బ్యాగులో పడ్డ ఒత్తిడికి మీటలు స్క్రీన్‌ని తాకుతున్నాయని అర్థం. అంటే సందు అప్పటికే సున్నా. సున్నా ఉన్న చోట 0.8 దూర్చడం మందు ఎలా అవుతుంది? ఆ గళ్లు చాలావరకు మీటల జిడ్డే. వారానికోసారి ల్యాప్‌టాప్ ఆపేసి, కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో మీటలు తుడిస్తే చాలు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

కొలబద్ద:
ఊహలెందుకు, కొలవొచ్చు. మామూలు ప్రింటర్ కాగితం, అంటే 80 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 80 గ్రాములు) ఏ4 కాగితం మందం సుమారు 0.1 మి.మీ. దాన్ని 3 సెం.మీ. వెడల్పు పట్టీలుగా కోయండి. ఒక పట్టీ స్పేస్ బార్ మీద నుంచి ముందు అంచు బయటికి వచ్చేలా పెట్టి, మూత దాని బరువుతోనే పడేలా మూసి, మెల్లగా లాగండి. ముందు అంచున రబ్బరు పట్టీ కొంచెం పట్టుకోవడం మామూలే, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. అందుకని పక్క అంచుల నుంచి, మీటల వరుసల మీదుగా కూడా చూడండి. సులువుగా జారితే రెండు పట్టీలు కలిపి పెట్టండి, తర్వాత మూడు. ఎన్నో పట్టీకి బిగుసుకుందో దానికి ఒకటి తీసేసి 0.1తో గుణిస్తే ఆ చోట మీ సందు.

ఆ తర్వాత ఎవరినైనా మూసిన మూత పైన, నడిమధ్యలో అరచేయి ఆనించమని, పుస్తకం పెట్టినంత బరువు మాత్రమే వేయమని చెప్పి, అప్పుడు మళ్లీ లాగండి. బ్యాగులో ఉండే పరిస్థితి అది. మొదటి కొలతకీ దీనికీ తేడా ఎంతుంటుందో చూస్తే మూత ఎంత వంగుతుందో తెలుస్తుంది. నాలుగైదు పట్టీలు దాటి పేర్చకండి, పరీక్షే ప్రమాదం అవుతుంది.

గుడ్డముక్క:
పరీక్ష బాగుంది. మందపాటి ల్యాప్‌టాప్‌ల విషయంలో నా మాట మీదే ఉన్నాను. సందు కొలిచి, నొక్కినా మిగిలే చోటు కంటే పలుచటి గుడ్డ పెడితే తప్పులేదు. అయితే రెండు పనులకీ ఒకే ముక్క అన్నది బలహీనమైన ఆలోచనే, ఒప్పుకుంటాను. మూత మధ్యకి శుభ్రమైన గుడ్డ వేరు, బల్ల మీదకి ప్యాడ్ వేరు.

కర్సర్‌కోతి:
పలకాబలపం గారి రెండో ప్రశ్నని అందరూ వదిలేశారు.

ప్యాడ్ అవసరమా అన్నది బల్లని బట్టి. బంతి మౌస్‌ల కాలంలో బంతి జారకుండా పట్టు కోసం ప్యాడ్ కావాలి. 1980ల మొదట్లో వచ్చిన ఆప్టికల్ (బంతికి బదులు కాంతితో కదలికను చదివే) మౌస్‌లకైతే గళ్లో చుక్కలో అచ్చేసిన ప్రత్యేక ప్యాడ్ లేకపోతే అడుగు పడదు, ఆ గుర్తుల్నే చదివేవి. 1999లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాక ఆ బంధం తెగింది. అడుగున చిన్న కెమెరా సెకనుకు 1500 ఫొటోలు తీసి, ఒకదాన్ని ముందుదానితో పోల్చి, గరుకు ఎంత జరిగిందో లెక్కేస్తుంది. ఇప్పటి సెన్సర్లు ఇంకా ఎన్నో వేలు తీస్తాయి. పద్ధతి మాత్రం అదే.

కాబట్టి సెన్సర్‌కి కావలసింది ప్యాడ్ కాదు, ఎక్కడా ఒకేలా లేని సన్నటి గరుకు. ఇబ్బంది పెట్టేవి ఇవి: పారదర్శక గాజు (ఫొటోలో పోల్చడానికి ఏమీ ఉండదు), అద్దంలా మెరిసే లామినేట్ (కాంతి ఒకే వైపుకి తిరిగి కొడుతుంది), ఒకే నమూనా పదేపదే వచ్చే అచ్చు గుడ్డ (పక్క గడిని చూసి పాత గడే అనుకుని కర్సర్ ఎగురుతుంది). గాజు మీద నడిచే మౌస్‌లు లేకపోలేదు. లాజిటెక్ 2009లో తెచ్చిన డార్క్‌ఫీల్డ్ అలాంటిదే, దానికీ గాజు కనీసం 4 మి.మీ. మందం ఉండాలి.

తేల్చుకోవడం తేలిక. డ్రాయింగ్ యాప్ తెరిచి, మౌస్‌ని స్కేలు అంచుకి ఆనించి మెల్లగా ఒక గీత, వేగంగా ఒక గీత గీయండి. తర్వాత అదే చోట తెల్ల కాగితం పరిచి మళ్లీ గీయండి. కాగితం మీద గీత తిన్నగా వచ్చి బల్ల మీద వణికితే మీకు ప్యాడ్ కావాలి. రెండూ ఒకటే అయితే సెన్సర్ కోసం అక్కర్లేదు; మౌస్ అడుగు టెఫ్లాన్ పాదాలు అరగకుండా, చప్పుడు తగ్గడానికి మాత్రమే.

వైర్‌లెస్ మౌస్ వాడేవాళ్లకి ఇంకో లాభం ఉంది. చాలా మౌస్‌లు నల్లటి ఉపరితలం మీద ఫొటో తీయడానికి ఎల్‌ఈడీని ఎక్కువసేపు వెలిగిస్తాయి. లేత రంగు మాట్ ప్యాడ్ మీద తక్కువ వెలుగు సరిపోతుంది, బ్యాటరీ ఎక్కువ వస్తుంది.

పలకాబలపం:
గీతల పరీక్షలో బల్ల ఓడిపోయింది, పైన గాజు ఉంది లెండి. అయితే ఎంత పెద్ద ప్యాడ్ చాలు? బ్యాగులో పట్టాలి.

కర్సర్‌కోతి:
లెక్క చూడండి. వేగం పెంచే సెట్టింగు ఆపేస్తే, 1000 డీపీఐ మౌస్ ఒక అంగుళం జరిగితే కర్సర్ 1000 పిక్సెళ్లు జరుగుతుంది. 1920 పిక్సెళ్ల స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివరకి 1.92 అంగుళాలు, అంటే 4.9 సెం.మీ. 400 డీపీఐ అయితే 12.2 సెం.మీ. 1600 అయితే 3 సెం.మీ. చాలు. దానికి మౌస్ వెడల్పు 6 సెం.మీ. కలుపుకుని కొంచెం వదులు వదలండి. 1000 డీపీఐకి 18 × 20 సెం.మీ. ప్యాడ్ ధారాళం.

ఒడిబల్ల:
బల్లే లేనివాళ్ల మాటేమిటి? ఒడిలో పెట్టుకునేవాళ్లు పలుచటి అంటుకునే ప్యాడ్‌ని టచ్‌ప్యాడ్‌కి కుడివైపు, అరచేయి ఆనించే చోట వేస్తారు. 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో వెడల్పు 31 సెం.మీ., టచ్‌ప్యాడ్ 12 సెం.మీ. తీసేస్తే పక్కకి తొమ్మిదిన్నర మిగులుతుంది. మౌస్‌కి 6 పోగా కదలడానికి మూడున్నర. పైన చెప్పిన లెక్క ప్రకారం 1600 డీపీఐకి అంచుకి అంచు సరిపోతుంది. చిన్న మౌస్ అయితే ఇంకా నయం. చేయి టచ్‌ప్యాడ్‌ని తాకి కర్సర్ ఎగరకుండా, విండోస్ సెట్టింగుల్లో టచ్‌ప్యాడ్ పేజీకి వెళ్లి, మౌస్ తగిలించినప్పుడు టచ్‌ప్యాడ్ పనిచేయాలన్న టిక్కు తీసేయండి.

స్క్రూడ్రైవర్:
ఒడిబల్ల గారి పద్ధతికి మూడు షరతులు. మూత మూసే ముందు ప్రతిసారీ పీకేయాలి, ఇంతసేపు చెప్పుకున్న కారణమే. మెత్తటి పీవీసీ షీట్ అయితే రోజుల తరబడి వదలకండి. పీవీసీని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం బయటికి ఊరి, ల్యాప్‌టాప్ తొడుగుకి వాడే ఏబీఎస్ రకం ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది, ఆ జిగట మచ్చ తుడిస్తే పోదు. నల్ల రబ్బరు అడుగు కూడా లేత రంగు ప్లాస్టిక్ మీద గోధుమరంగు నీడ వదులుతుంది. ఇక అయస్కాంతంతో మూసుకునే మడత ప్యాడ్ అసలే వద్దు. చాలా ల్యాప్‌టాప్‌లు మూత మూసుకుందని తెలుసుకునేది అయస్కాంతం వల్లే. దాని సెన్సర్ అరచేయి చోట ఉంటే, మూత తెరిచి ఉండగానే స్క్రీన్ ఆరిపోతుంది. ఏదో చెడిపోయిందని విప్పి చూస్తారు, చూస్తే ప్యాడ్.

గుడ్డముక్క:
పీవీసీ భయం కొంచెం ఎక్కువైంది. గంటసేపు వేసి తీసేస్తే ఏమీ కాదు. వేడిగా ఉన్న అరచేయి చోట వారాలు వదిలేస్తేనే.

స్క్రూడ్రైవర్:
"రోజుల తరబడి" అనే కదండీ రాశాను.

ఒడిబల్ల:
బల్లంతా పరిచే పెద్ద గుడ్డ ప్యాడ్ కొని దాని మీదే ల్యాప్‌టాప్ కూడా పెట్టొచ్చా?

కొలబద్ద:
ల్యాప్‌టాప్ అడుగు తిప్పి చూడండి. కింద జాలీ ఉంటే గాలి అక్కడి నుంచే పీల్చుకుంటుంది. రబ్బరు పాదాలు 2 మి.మీ. ఎత్తుంటే, 4 మి.మీ. మెత్తటి ఫోమ్‌లోకి అవి దిగిపోయి గాలి దారి సగం మూసుకుంటుంది. బిగువైన 2 మి.మీ. ప్యాడ్ మీద అంత దిగవు. జాలీ లేకుండా పక్కల నుంచే గాలి తీసుకునేవాటికి దిగులు లేదు. అనుమానముంటే స్టాండు మీద పెట్టి, ప్యాడ్ మౌస్‌కి వదిలేయండి.

పలకాబలపం:
కాగితం పట్టీలు పెట్టి చూశాను. మీటల మీద రెండు జారాయి, మూడోది పట్టేసింది. అరచేయి ఆనిస్తే ఒక్కటి కూడా రాలేదు. 0.8 ప్యాడ్ బ్యాగు బయటి అరలోకి పోయింది. కానీ అర చిన్నది, చుట్టి పెడితే మూలలు లేచి నిలబడుతున్నాయి, మౌస్ తగులుకుంటోంది.

కొలబద్ద:
చుట్టేటప్పుడు గరుకు ముఖం బయటికి ఉండేలా చుట్టండి, మూలలు పైకి కాకుండా కిందికి వంగుతాయి. ఇప్పటికే లేచినవాటికి ప్యాడ్‌ని బోర్లా వేసి పైన బరువైన పుస్తకాలు పెట్టి ఒక రాత్రి ఉంచండి. ఇస్త్రీ పెట్టె జోలికి మాత్రం వెళ్లకండి, గరుకు పొరకీ గుడ్డకీ మధ్య జిగురు వేడికి ఊడిపోతుంది. పనిలో పనిగా గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేసి గుడ్డ వైపు మెత్తటి బ్రష్‌తో కడిగి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. గాజు బల్ల మీద జారకుండా పట్టుకునేది ఆ గుడ్డే, జిడ్డు పట్టాక జారుతుంది.