దొడ్డిలోనా, తొట్టిలోనా? అమ్మమ్మ పాటలో ఒక అక్షరం

మన్నేరు:
నాలుగు రోజులుగా ఒక పాట ముక్క నన్ను వదలడం లేదు. మా అమ్మమ్మది కందుకూరు దగ్గర పల్లె. క్రిస్మస్ నెల డిసెంబరు వచ్చిందంటే వాడలోని ఆడవాళ్ళు రాత్రి అన్నాలయ్యాక చర్చి మందిరం ముందు చేరి, గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు చరుస్తూ పాడేవారు. వెదురుబద్దలకు గాలిపటం కాగితం అంటించిన నక్షత్రం పైన వెలుగుతూ ఉండేది. గుర్తున్నది ఇంతే:

ఒంటి చుక్క పొడిచెనమ్మ ఊరి వెలుపల
దొడ్డిలోన దొర పండెను గడ్డి పరుపున

మా అన్నయ్య 'తొట్టిలోన' అంటాడు. నా చెవిలో మాత్రం 'దొ' అనే ఉంది. మీలో ఎవరైనా విన్నారా?

పెన్నాతీరం:
తొట్టే. లూకా సువార్త రెండో అధ్యాయంలో 'పశువుల తొట్టిలో పరుండబెట్టెను' అని ఉంది కదా. పల్లెలో పాట కట్టినవారు మందిరంలో చదివిన ఆ వాక్యం విని కట్టి ఉంటారు. మీ చెవిలో 'దొ' ఎందుకు ఉందో కూడా చెప్పగలను. 'వెలుపలన్' ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని మీద పరుషం సరళమవుతుంది, అంటే 'త' కాస్తా 'ద' అవుతుంది. వెలుపలన్ + తొట్టి, వెలుపలన్ దొట్టి. మీరు విన్నది 'దొట్టి'.

గుండ్లకమ్మ:
పెన్నాతీరం గారూ, రెండు పాదాల మధ్య ఊపిరి తీసుకుని, చప్పట్లు మారి, ఆ తర్వాత ఎత్తుకునే మాటకు ద్రుతసంధి చేస్తారా? సంధి సంగతి అలా ఉంచి ప్రాసయతి, అంటే రెండో అక్షరాల పోలిక చూడండి. దొడ్డి, గడ్డి. 'తొట్టి' పెడితే ఆ కట్టు తెగిపోతుంది.

పెన్నాతీరం:
ప్రాసయతి లేకపోయినా యతి ఉంది. త, ద ఒకే వర్గం కాబట్టి తొట్టికి, దొరకు వర్గయతి చెల్లుతుంది. పాదం ఎక్కడా కుంటుపడదు.

గుండ్లకమ్మ:
చెల్లడం వేరు, వినగానే నాలుక మీద నిలవడం వేరు. నా దగ్గర ఇంకో ఆధారం ఉంది. పాత నిబంధనలోని యెషయా గ్రంథం మొదటి అధ్యాయం, మూడో వచనం: 'ఎద్దు తన కామందు నెరుగును గాడిద సొంతవాని దొడ్డి తెలిసికొనును'. సువార్తల్లో పుట్టుక దగ్గర ఎద్దూ లేదు, గాడిదా లేదు. ఈ వచనం వల్లే అవి ఆ చిత్రంలోకి వచ్చాయి. నాలుగో శతాబ్దపు రోమను శిలా శవపేటికల మీదే శిశువు పక్కన ఆ రెండూ చెక్కి ఉన్నాయి. 1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ గ్రెచ్చో ఊరి కొండ దగ్గర గడ్డి పరిచి, నిజమైన ఎద్దునూ గాడిదనూ నిలబెట్టి పండుగ చేశాడు. ఈనాడు ఇళ్ళలో పెట్టే బొమ్మల కొట్టానికి అది పెద్ద మలుపు.

ఇక అసలు విషయం. గ్రీకు బైబిలులో యెషయా దగ్గరా లూకా దగ్గరా ఉన్నది ఒకే మాట, ఫాట్నే. మన అనువాదంలో అది ఒకచోట దొడ్డి అయింది, మరోచోట తొట్టి అయింది. ఆ పాట కట్టిన తల్లి రెండు వచనాలనూ కలిపి విన్నదని నా నమ్మకం. మన్నేరు గారూ, పాటలో ఎక్కడైనా ఎద్దు వస్తుందా?

మన్నేరు:
పాటలో గుర్తు లేదండీ. కానీ మందిరంలో పెట్టే మట్టిబొమ్మల్లో ఎద్దు బాగా గుర్తుంది. దానికి ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు ఉండేవి. అచ్చంగా మన ఒంగోలు గిత్త. మా తాత దాని కొమ్ములకు పసుపు పూసి నిలబెట్టేవాడు.

ఉదయగిరి మాస్టారు:
మూపురం మాట చదివి మనసు నిండింది. అయితే మీరిద్దరూ పశువుల ఇంట్లోకి వెళ్ళి చూడాలి. తొట్టి అంటే మనకు కుడితి తొట్టి, నీళ్ళ తొట్టి. గడ్డి వేసేది గాడిలో. గడ్డి పరుపు మీద పడుకోబెట్టాలంటే గాడి కావాలి గాని, కుడితి తొట్టిలో బిడ్డను పెడతారా? మరి అనువాదకులు 'గాడి' ఎందుకు వేయలేదు? తొట్టి అంటే ఊయల కూడా కాబట్టి అని నా ఊహ. తొట్టెల, తొట్టి ఒక కుదురు మాటలే. పక్కనున్న తమిళంలో తొట్టిల్ అంటే ఊయలే. పశువులు తాగేదీ బిడ్డ ఊగేదీ ఒకే మాటలో ఒదిగాయి. 'గాడి'కి ఆ భాగ్యం లేదు.

లూకాలోని ఆ తొట్టి వచనంలోనే 'సత్రము' చూడండి. అక్కడి గ్రీకు మాట కతలూమ. చివరి భోజనం నాటి గది దగ్గర అదే మాట వస్తే మనవారు 'విడిది గది' అన్నారు. మంచి సమరయుని కథలో మాట వేరు, అక్కడ 'పూటకూళ్లవాని యిల్లు' అన్నారు. ఇంత జాగ్రత్తగా మాట ఏరుకున్నవారు తొట్టి అన్నారంటే ఊరికే అని ఉండరు.

కృష్ణపట్నం:
అందరూ రెండో పాదం మీదే ఉన్నారు. నాకు మొదటి పాదమే ముఖ్యం. 'ఒంటి చుక్క'! నెల్లూరు అమెరికన్ బాప్టిస్టు మిషనుకు ఆ పేరే కదా. 1853లో అమెరికాలోని ఆల్బనీ సభలో నెల్లూరు మిషనును మూసేద్దామా అని చర్చ వచ్చినప్పుడు, పటం మీద ఒంటరిగా ఉన్న ఈ చుక్కను చూసి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ పద్యం రాశాడు. అప్పటినుంచి లోన్ స్టార్ మిషను అయింది. ఈ పాట ఆ చుక్క గురించే.

గుండ్లకమ్మ:
తూర్పు జ్ఞానులు చూసిన చుక్క కూడా ఒకటే కదండీ. దానికి ఆల్బనీ దాకా వెళ్ళాలా?

కృష్ణపట్నం:
మత్తయిలో 'ఒంటి' అన్న మాట లేదు. ఈ పాటలో ఉంది. అది ఎక్కడినుంచి వచ్చిందన్నదే నా ప్రశ్న.

పెన్నాతీరం:
ఒంటి చుక్క అంటే పొద్దుగూకగానే మొదట పొడిచే చుక్క. పల్లెలో పిల్లలు కూడా అంటారు. మిషను సంగతికి వస్తే, ఆ దొరల స్వదేశంలో, న్యూ ఇంగ్లండు వైపు, చాలాకాలం క్రిస్మస్ పట్ల పట్టింపు లేదు. మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా ఆ పండుగ చేసుకుంటే అయిదు షిల్లింగుల జరిమానా ఉండేది. కాబట్టి ఈ చప్పట్లు, గుండ్రంగా తిరగడం, రాత్రంతా పాడటం వారు నేర్పినవి కావు. అవి మన కోలాటంలోవి, భజనలోవి. గూడూరు, నాయుడుపేట వైపు జర్మన్ లూథరన్లు వచ్చారు. చెట్టు నిలబెట్టడం జర్మనీ ఆచారం. మా చిన్నప్పుడు ఆ వైపు సరుగుడు కొమ్మ నరికి తెచ్చి దూది అంటించేవారు. ఈ ఎండల సీమలో మంచుకు దూది!

గుండ్లకమ్మ:
ఈ చర్చలో నాకు మా ఎర్రన గుర్తొస్తున్నాడు. అద్దంకి ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉండి హరివంశం రాసిన మహానుభావుడు. రాజుగా పుట్టవలసిన బిడ్డ రాత్రికి రాత్రి ఏరు దాటి మందలో పెరిగే కథ అది. పశువుల దొడ్డిలో దొర పెరగడం తెలుగువారి చెవికి కొత్త కాదు. అందుకే ఆ తల్లికి 'దొడ్డి' అన్న మాట నోటికి వచ్చింది.

పెన్నాతీరం:
ఎర్రన మీ ఒక్కరివాడే కాదు. ఆయన పూరించిన మహాభారత అరణ్యపర్వ శేషానికి ముందూ వెనకా ఉన్నవారిలో మా తిక్కన కూడా ఉన్నాడు. విరాటపర్వంలో గోగ్రహణం చూడండి. పశువుల మంద కోసం యుద్ధం!

ఉదయగిరి మాస్టారు:
జాషువాను మరిచిపోయారేమిటి? గబ్బిలాన్ని ఎందుకు దూతగా ఎంచుకున్నాడు? మనిషిని రానివ్వని గుడిలోకి అది వెళ్ళగలదు కాబట్టి. మనుషులు చోటివ్వని చోట పశువులు చోటిచ్చాయన్న మాటకూ దీనికీ ఎంత దగ్గరో చూడండి. మా తరగతిలో గబ్బిలం చెప్పిన రోజు వెనక బల్ల మీది ఒక పిల్లవాడు గంట కొట్టినా లేవలేదు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇంకొక సంగతి. కోస్తాలో 'దొడ్డి'కి పోనుపోను వేరే అర్థం అంటుకుంది. ఆ మాటను దైవం పక్కన పలకడానికి మందిరం పెద్దలు జంకి 'తొట్టి' అని దిద్ది ఉండవచ్చు. అప్పుడు మన్నేరు గారు విన్నదీ సరే, వారి అన్నగారు విన్నదీ సరే.

పెన్నాతీరం:
అది ఊహే కదా మాస్టారూ.

ఉదయగిరి మాస్టారు:
ఊహే. కానీ మీ ద్రుతసంధి కంటే బలమైనది.

మన్నేరు:
ఈ రోజు మా పెద్దమ్మకు ఫోను చేశాను. ఎనభై దాటిన మనిషి. 'ఆ చరణం మీ అమ్మమ్మ ఎత్తుకునేదమ్మా, మేము చప్పట్లు వేసేవాళ్ళం. నాకు వచ్చింది తర్వాతది' అని పాడింది. గొంతు వణికింది గాని తాళం తప్పలేదు. ఫోను పక్కన పెట్టి చేతులతో తాళం వేసుకుంటూ పాడింది:

తూరుపు దొరలొచ్చిరమ్మ దూర బాటను
బాలింతకు తెచ్చిరమ్మ పావు బోళము

కృష్ణపట్నం:
బాలింతకా!

పెన్నాతీరం:
రెండుసార్లు చదివాను. తూర్పు జ్ఞానులు తెచ్చిన బంగారము, సాంబ్రాణి, బోళము అన్న మూడింటిలో బోళాన్ని పండితులు మరణానికి గుర్తుగా చెప్తారు. యోహాను సువార్తలో సమాధి దగ్గరకు నికొదేము తెచ్చింది కూడా బోళముతో కలిపిన అగరే. మన ఆడవాళ్ళు దాన్ని అలా వినలేదు. మూలికల కొట్లో బాలింతబోళం అడిగి తెచ్చి పురిటి తల్లికి ఇచ్చే చేతులు కదా అవి. దూరం నుంచి పెద్దలు వచ్చారు, బిడ్డకు బంగారం, తల్లికి మందు. ఇంతకంటే సహజంగా ఎవరు అర్థం చెప్పగలరు? నా తొట్టి పోయినా నాకు బాధ లేదు.

ఉదయగిరి మాస్టారు:
పావు బోళం అన్నారు, సేరులో పావు కాబోలు. అమరకోశంలో గంధరసానికి, అంటే ఈ బోళానికే, పర్యాయంగా 'బోల' అని ఉంది, లకారంతో. మనకు ళకారమైంది. మన్నేరు గారూ, పెద్దమ్మగారు 'బోళము' అన్నారా, 'బోలము' అన్నారా?

గుండ్లకమ్మ:
అవునండీ, అది కూడా అడగండి. అడిగేటప్పుడు తర్వాతి చరణంలో ఎద్దు ఉందేమో కనుక్కోండి.