బ్రిడ్జ్ పికప్: జేబీనా, కస్టమ్ కస్టమా?

మాది అనంతపురం. నా ఎలక్ట్రిక్ గిటార్ స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహాది. బ్రిడ్జ్ (తీగలు ఆనే కింది చివర) దగ్గర సెరామిక్ మాగ్నెట్ హంబకర్ (రెండు కాయిల్స్ ఉన్న పికప్, అంటే తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం), 500కె పాట్లు (నాబ్‌ల కింద ఉండే 500 కిలోఓమ్‌ల రెసిస్టర్లు), 10-46 మందం తీగలు. ఓవర్‌డ్రైవ్‌లో (సౌండ్ గరగరలాడేలా పెంచినప్పుడు) లావు తీగలు బాగానే పలుకుతాయి గానీ, సన్న తీగ మీద 12వ ఫ్రెట్ దాటితే చాలు, రేకు మీద మేకుతో గీకినట్టు చెవిలో గుచ్చుకుంటోంది. నాకు కావలసింది బరువుగా, నున్నగా సాగే టోన్.

పికప్‌ను తీగలకు 2 మి.మీ. దూరం నుంచి 3.5కి దించాను. సౌండ్ తగ్గిందే తప్ప పదును పోలేదు. ఆంప్‌లో ట్రెబుల్ 4, మిడ్ 7 పెట్టినా అంతే. టోన్ నాబ్ సగానికి తిప్పితే అంతా ముద్దయిపోతోంది. టవర్ క్లాక్ దగ్గర టీవీలు బాగుచేసే అన్నతో టోన్ కెపాసిటర్ కూడా మార్పించాను (సోల్డరింగ్ మాత్రం శుభ్రంగా చేశాడు), లాభం లేదు.

ఇక్కడ వాయించి చూసి కొనే వీల్లేదు, ఆర్డర్ పెట్టాల్సిందే. సీమోర్ డంకన్ కంపెనీ పికప్ జేబీ (ఆల్నికో 5 మాగ్నెట్, కాయిల్ రెసిస్టెన్స్ సుమారు 16కె), వాళ్లదే కస్టమ్ కస్టమ్ (ఆల్నికో 2, సుమారు 14కె) దగ్గర ఆగిపోయాను. జేబీకి 250కె పాట్ వేస్తే ట్రెబుల్ మెత్తబడుతుందంటారు. రెండూ వాడినవాళ్లు చెప్పండి: సన్న తీగ మీద నున్నగా పలికేది 250కె పాట్‌తో జేబీనా, 500కెతో కస్టమ్ కస్టమా?