జో లూయిస్, అలీ, టైసన్, మేవెదర్: ఎవరి పేరు ఎక్కువ మోగిందో ఎలా తేల్చాలి?

అందరికీ నమస్కారం. మా బావకీ నాకూ ఒక వాదన తెగడం లేదు. ఎవరు గొప్ప బాక్సర్ అన్నది కాదు, తమ కాలంలో ఎవరు ఎక్కువ ఫేమస్ అన్నదే గొడవ.

2015లో మేవెదర్, పాకియావ్ ఫైట్‌ని అమెరికాలో దాదాపు 46 లక్షల కనెక్షన్ల వాళ్లు డబ్బు కట్టి చూశారు. ఒక్కోటి 100 డాలర్ల దాకా. "ఇంతకంటే లెక్క ఏం కావాలి?" అంటాడు బావ. నాకు అది ఫేమ్ లెక్కలా కాదు, కలెక్షన్ల లెక్కలా కనిపిస్తుంది.

1938లో న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో అమెరికన్ జో లూయిస్ జర్మన్ బాక్సర్ ష్మెలింగ్‌ని మొదటి రౌండ్‌లోనే, రెండు నిమిషాలు దాటీ దాటకుండానే పడగొట్టాడు. కోట్లమంది రేడియోకి చెవులప్పగించి విన్నారు, టికెట్ లేదు, బిల్లు లేదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రోజులు కాబట్టి బాక్సింగ్ అంటే పట్టనివాళ్లకీ అది పెద్ద విషయమే. దీన్ని ఏ తక్కెడలో తూచాలి?

అలీ సంగతి వేరు. 1967లో సైన్యంలో చేరనన్నందుకు టైటిల్ లాగేసుకున్నారు. మూడేళ్లకు పైగా రింగ్‌కి దూరమైనా పేరు పెరిగిందే తప్ప తగ్గలేదు. టైసన్‌కి మన దగ్గర ఉన్న గుర్తింపులో ఆయన నటించిన విజయ్ దేవరకొండ సినిమా 'లైగర్' వాటా ఎంతో మరి!

పాత పత్రికల్లో పేరు ఎన్నిసార్లు వచ్చిందో చూడటం లాంటి పద్ధతి ఏదైనా పనికొస్తుందా? 1974లో ఆఫ్రికాలోని కిన్షాసాలో అలీ, ఫోర్‌మన్ తలపడిన ఫైట్ నాటికి ఊహ తెలిసిన పెద్దలుంటే, అప్పట్లో మీ ఊళ్లో అలీ పేరు ఎలా తెలిసిందో కాస్త చెప్పండి.