రిపోర్టులన్నీ నార్మల్, ఊపిరి మాత్రం నిండా అందట్లేదు. మీలో ఎవరికైనా ఇలా ఉందా?

మల్కాజిగిరి_టీచర్
అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు. బడిలో ఐదో తరగతికి చెప్తాను. ఎనిమిది నెలలుగా ఊపిరి సరిగ్గా అందట్లేదు. కూర్చున్నా వస్తుంది. గాలి లోపలికి వెళ్తుంది కానీ గొంతు కిందే ఎక్కడో ఆగిపోయినట్టు ఉంటుంది. నాలుగైదు సార్లు ఆవలిస్తేనో, గట్టిగా నిట్టూరిస్తేనో ఒక్కసారి హమ్మయ్య అనిపిస్తుంది. కాసేపటికి మళ్లీ మొదలు. డిక్టేషన్ చెప్తూ వాక్యం మధ్యలో ఆగిపోతున్నాను. మొన్న ముందు బెంచీ పిల్లాడు ఏమీ అనకుండా లేచి, కుర్చీ తెచ్చి నా వెనకాల పెట్టాడు. క్లాసులో కళ్లనీళ్లు ఆపుకోవడం కష్టమైంది.

ఎక్స్‌రే, ఈసీజీ, టూడీ ఎకో (గుండె స్కానింగ్), సీటీ, పీఎఫ్‌టీ (గొట్టంలో ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష) అన్నీ అయ్యాయి. అన్నీ నార్మల్. "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అని పంపించేశారు. మా అత్తగారేమో మృగశిర కార్తెకు నాంపల్లి వెళ్లి చేప మందు వేయించుకోమంటున్నారు. ఎవరికైనా ఇలా ఉండి తగ్గిందా?

ఉప్పల్_డ్రైవర్
అక్కా, ముందు చేప మందు సంగతి. నేను రెండు సార్లు ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో లైన్లో నిలబడి మింగాను. నమ్మకం ఎవరిది వాళ్లది, దాని మీద నేను మాట్లాడను. కానీ మొదటిసారి మింగాక ఇన్‌హేలర్ ఆపేశాను. ఆషాఢంలో ఒక రాత్రి దమ్ము ఆడక ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. మీకు ఏ మందు రాసినా దాన్ని మాత్రం ఆపొద్దు.

ఇంకో మాట. ఆస్తమా ఉన్నా, బాగున్న రోజు చేస్తే పీఎఫ్‌టీ నార్మల్ రావచ్చు. నాకు అలాగే వచ్చింది. పీక్ ఫ్లో మీటర్ అని చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, గట్టిగా ఊదితే ముల్లు కదులుతుంది. రెండు వారాలు పొద్దున, సాయంత్రం ఊది నోట్‌బుక్‌లో రాశాను. సాయంత్రం 430, తెల్లవారుజామున 310. ఆ పేజీ చూశాకే డాక్టర్‌గారికి విషయం అర్థమైంది. మీకు రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు ఉన్నాయా?

మల్కాజిగిరి_టీచర్
లేవు తమ్ముడూ. నిద్రలో అసలు ఏమీ ఉండదు. లేచి పనిలో పడ్డాకే మొదలు.

కూకట్‌పల్లి_402
మీ ఇంటి దగ్గర పావురాలు ఉన్నాయా మేడమ్? మా నాన్నగారికి ఏడాదిపాటు పొడిదగ్గు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు. చివరికి హెచ్‌ఆర్‌సీటీలో (ఊపిరితిత్తులను మరింత వివరంగా చూపే సీటీ) బయటపడింది, హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అన్నారు, అంటే పీల్చినది పడక ఊపిరితిత్తులు వాచడం. ఆయన రోజూ బాల్కనీలో జొన్నలు వేసేవారు. బాత్రూమ్ కిటికీ వెనక పైపులు వెళ్లే సందు, అదే డక్ట్, దాని నిండా రెట్ట, ఎండి పొడి అయిపోయి ఉంది. ఆ పొడే ఊపిరితిత్తులకు పడలేదు. మందులు ఎంత వాడినా పావురాలు పోకపోతే లాభం లేదని డాక్టర్ గట్టిగా చెప్పారు. వల కట్టించాం, గింజలు ఆపించాం. ఆపించడానికి ఇంట్లో పెద్ద గొడవే అయింది. పుణ్యం పోతుందని ఆయన బాధ. మీ సీటీ బాగుంది కాబట్టి మీకిది కాకపోవచ్చు, అయినా డక్ట్ ఒకసారి చూసుకోండి.

తార్నాక_అమ్మాయి
అక్కా, హిమోగ్లోబిన్ ఎప్పుడు చూపించుకున్నారు? ఊపిరి అనగానే అందరూ గుండె, ఊపిరితిత్తులు చూస్తారు, రక్తం సంగతి మరిచిపోతారు. నాకు ఆరు నెలలు అలాగే గడిచాయి. చివరికి చూస్తే 8.2! ఆడవాళ్లకు 12 కన్నా తక్కువైతే రక్తహీనతే. నెలసరి ఎక్కువగా అవుతోందని నేనూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. సీబీపీతో (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ కూడా అడగండి. ఐరన్ మాత్ర వేసుకున్నాక గంటా రెండు గంటలు చాయ్ తాగకండి, మాత్ర ఒంటికి పట్టదు.

ఎల్బీనగర్_నాన్న
ఈ టెన్షన్ అనే మాట వింటే నాకు మండిపోతుంది. మా ఆవిడకీ అదే చెప్పారు. కాలు విరిగి నెలన్నర మంచంలో ఉంది, లేచినప్పటి నుంచి ఆయాసం. మామూలు సీటీ నార్మల్. ఇంకో డాక్టర్ కాలి సంగతి విని, రంగు మందు ఎక్కించి సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్ చేయించారు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు! రంగు మందు లేకుండా తీసే సీటీలో అవి మామూలుగా కనిపించవట. దయచేసి, ఎవరికైనా ఒక్క కాలే వాచినా, ఉన్నట్టుండి ఛాతీ నొప్పి వచ్చినా, దగ్గితే రక్తం పడినా ఇక్కడ పోస్టులు చదువుతూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి.

ఫిజియో_సనత్‌నగర్
నేను ఛాతీ రోగులకు ఊపిరి వ్యాయామాలు నేర్పిస్తాను. ఎల్బీనగర్ అన్న చెప్పినది అక్షరాలా నిజం. పెదవులు నీలంగా మారడం, స్పృహ తప్పడం కూడా ఆ లిస్టులో చేర్చుకోండి.

టీచర్‌గారూ, ఆవలింతలు, నిట్టూర్పులు, నిద్రలో ఏమీ లేకపోవడం చూస్తే, శ్వాస తీసుకునే పద్ధతి దెబ్బతిందేమో అనిపిస్తోంది. ఇది ఉత్త భ్రమ కాదు. అవసరానికి మించి గాలి పీలుస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది, ఇంకా గాలి కావాలనిపిస్తుంది. అప్పుడు మీరు నిండిన బిందెలో ఇంకా నీళ్లు పోస్తున్నట్టే. ముందు బిందె వంచాలి, అంటే ఊపిరి నెమ్మదిగా, పూర్తిగా వదలాలి. పడుకుని ఒక చెయ్యి పొట్ట మీద, ఒకటి ఛాతీ మీద పెట్టుకోండి. ముక్కుతో పీల్చినప్పుడు పొట్ట మీది చెయ్యే లేవాలి. తర్వాత వేడి చాయ్ ఊదినట్టు పెదవులు సన్నగా చేసి, పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదలండి. మరీ ఇబ్బందైతే కూర్చుని ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించి, చిన్న ఫ్యాన్ ముఖానికి పెట్టుకోండి. చెంపలకు గాలి తగిలితే ఆయాసం తగ్గినట్టు ఉంటుంది. ఎంతోమందికి పనిచేయడం చూశాను.

కానీ రక్తపరీక్ష అయ్యే వరకు ఇదేనని తేల్చుకోకండి. ఈలోపు ఎప్పుడు, ఏం చేస్తుండగా వచ్చిందో రాయండి. డాక్టర్ దగ్గర "ఊపిరాడట్లేదు" అని ఊరుకోకండి. నిండా అందట్లేదా, ఛాతీ బిగుస్తోందా, ఎగపోస్తోందా అన్నది విడమరిచి చెప్పండి. వాటి కారణాలు వేరు.

మల్కాజిగిరి_టీచర్
ఇరవై రోజుల తర్వాత రాస్తున్నాను. డైరీ రాశాక తెలిసింది, నాకు ఉన్నది ఒకటి కాదు, రెండు. మూడో అంతస్తు ఎక్కితే గుండె దడతో వచ్చే ఆయాసం ఒకటి. మాట్లాడుతుంటే వచ్చే ఊపిరి వెలితి ఇంకోటి. ఆదివారం రైతు బజార్‌లో గంటసేపు తిరిగినా రెండోది రాలేదు! అన్నీ కలిపి ఒకే మాటలో చెప్పేదాన్ని ఇన్నాళ్లూ. హిమోగ్లోబిన్ 9.4, ఫెరిటిన్ బాగా తక్కువ. తార్నాక చెల్లీ, నీ మాట వినకపోతే ఇంకెన్నాళ్లు తిరిగేదాన్నో. డాక్టర్‌గారు ఐరన్ మొదలుపెట్టారు, నెలసరి సంగతి కూడా చూపించుకోమన్నారు. మెట్ల మీద మూడు చోట్ల ఆగేదాన్ని, ఇప్పుడు రెండు చోట్ల.

ఫిజియోగారూ, పడుకుని చేస్తే మీరు చెప్పినట్టు వస్తోంది. బోర్డు దగ్గర నిలబడి మాట్లాడేటప్పుడే రావట్లేదు. ఏం చేయమంటారు?

ఫిజియో_సనత్‌నగర్
మాట్లాడేవాళ్లు వాక్యానికీ వాక్యానికీ మధ్య నోటితో గబుక్కున గాలి లాగేస్తారు, అక్కడే వస్తుంది చిక్కు. పడుకుని వచ్చింది కాబట్టి ఇప్పుడు కూర్చుని చేయండి, తర్వాత నిలబడి. డిక్టేషన్‌లో కామా వచ్చిన ప్రతిచోటా నోరు మూసుకుని ముక్కుతో పీల్చుకోండి. తొందరేం లేదు, పిల్లలు అప్పటికి ఆ ముక్క రాస్తూనే ఉంటారు.