బి.డి. చదవని ఉపదేశికి అభిషేకం ఇవ్వొచ్చా?

పీలేరు దారి: మాది చిత్తూరు జిల్లాలో చిన్న పల్లె. పాతికేళ్లుగా మా చర్చికి ఒకే ఉపదేశి, అంటే ఊళ్లో ఉండి ప్రార్థనలు నడిపే ఆయన. ఎవరింట్లో చావు జరిగినా ముందు ఆయనే వస్తారు. కానీ బి.డి. (పాస్టర్లు చదివే థియాలజీ డిగ్రీ) లేదు కాబట్టి అభిషేకం, అంటే పాస్టర్‌గా నియామకం, లేదు. అందుకే ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన) ఇవ్వడానికి టౌను నుంచి అయ్యగారు, అంటే అభిషేకం పొందిన పాస్టర్, రావాలి, నెలకోసారి వస్తారు. యేసు శిష్యుడు పేతురు ఏ కాలేజీలో చదివాడండీ? ఈ రూలు తీసేయాలని నా వాదన.

తిరుపతి అక్క: పేతురు మూడేళ్లు గురువు వెంటే తిరిగాడు తమ్ముడూ, అంతకంటే గట్టి కోర్సు ఉందా? మా చెల్లెలి పెళ్లి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చేసి సొంత చర్చి పెట్టుకున్న పాస్టర్ చేశారు. వాక్యం బాగానే చెప్పారు, అందరినీ ఏడిపించారు కూడా. తర్వాత పాస్‌పోర్టుకు మ్యారేజ్ సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం అలాంటి పాస్టర్‌కు ప్రభుత్వ లైసెన్సు ఉండాలట. ఆయనకు లైసెన్సు లేదు సరికదా, ఒకటుండాలన్న సంగతే తెలీదు.

హాస్టల్ గుర్తులు: నేను బి.డి. చేసినవాణ్ణి. 1818లో మిషనరీ విలియం కేరీ వాళ్లు బెంగాల్‌లో పెట్టిన సెరాంపూర్ కాలేజీకి డిగ్రీలిచ్చే అధికారం 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చాడు. హైదరాబాద్ ఏసీటీసీ, బెంగళూరు యూటీసీ లాంటి థియాలజీ కాలేజీల్లో ఎక్కడ చదివినా ఇప్పటికీ పట్టా ఆ పేరుతోనే. నాకు కొత్త నిబంధన మూలభాష గ్రీకు క్రియలు బట్టీ పట్టించారు, పాఠాలన్నీ ఇంగ్లిష్‌లో. మొదటి ఆదివారం పల్లెలో ప్రసంగం ముగించి దిగితే ఒక అవ్వ, "బాగా చెప్పినావు నాయనా, ఏం చెప్పినావు?" అనింది!

అయినా చదువు దండగ అనను. ఒక్క వచనం పట్టుకుని షుగర్ మాత్రలు మానేయమన్న పాస్టర్‌ను చూశాను. ఆ వచనానికి ముందూ వెనకా ఏముందో చదివే అలవాటు ఉంటే ఆ మాట నోట రాదు. నాకు ఆ అలవాటు చేసింది కాలేజీయే.

పలమనేరులో పూర్వం ఆర్కాటు మిషన్ వాళ్ల థియాలజీ బడి ఉండేది. అలాంటిది ఇక్కడే, తెలుగులో, వారానికి రెండు రోజులు, రెండేళ్లు పెట్టాలి. పరీక్ష మాత్రం ఉండాల్సిందే. పాసైతే, ఆ ఊరి వరకే చెల్లే అభిషేకం ఇవ్వొచ్చు.

పీలేరు దారి: ఆయనకు అరవై దాటింది. పరీక్షంటే టెన్షన్ పడతారేమో గానీ, రాస్తారు.

తిరుపతి అక్క: ఊరి వరకే అంటే ఏంటి, రెండో రకం అయ్యగారా? టౌనుకు గ్రీకు వచ్చినాయన, పల్లెకు రానాయన. పల్లెవాళ్లకు ఇది చాలులే అనుకోవడమే కదా ఇది. దానికంటే డయాసిస్ (బిషప్ కింద ఉండే చర్చిల పాలనా విభాగం) ఖర్చు పెట్టి ఆ పల్లె పిల్లలనే బి.డి.కి పంపొచ్చు. ఆడపిల్లలను కూడా.

హాస్టల్ గుర్తులు: పంపితే తిరిగి పల్లెకు వస్తారా అక్కా? నా బ్యాచ్‌లో ఎక్కువమంది టౌన్లలోనే ఉన్నారు. నేనూ అంతే.

పీలేరు దారి: మీరు తేల్చుకోండి. ఈ నెల వానకు అయ్యగారు రాలేదు, మాకు బల్ల లేదు. ఉపదేశిగారు ప్రార్థన చేసి పంపేశారు.