సవర పిల్లలు తరగతిలో నోరు విప్పడం లేదు: అనుభవజ్ఞుల సలహా కావాలి

నమస్కారం. పార్వతీపురం మన్యం జిల్లాలో సవర, జాతాపు అనే గిరిజన తెగల పిల్లలు, మైదాన ప్రాంత కుటుంబాల పిల్లలు కలిసి చదివే ఒక ప్రాథమిక పాఠశాలలో నేను ఉపాధ్యాయురాలిని. ఇంట్లో సవర మాత్రమే మాట్లాడే పిల్లలు ఒకటో తరగతిలో తెలుగు పాఠం వింటూ బిక్కచచ్చిపోతారు. ప్రశ్న అర్థం కాక ఊరుకున్న పిల్లవాణ్ని తోటివారు మొద్దు అంటారు. ఆ మాటను ఖండించని పెద్దలూ ఉన్నారు. ఆ పిల్లలే విరామ సమయంలో తమ భాషలో గలగలా కథలు చెప్పుకుంటారు, కొండమీది చెట్లన్నిటినీ పేరుపేరునా గుర్తుపడతారు. కాబట్టి లోపం వారి తెలివిలో ఉందంటే నేను ఎంతమాత్రం ఒప్పుకోను.

సవర తెలుగుతో చుట్టరికం లేని ముండా భాషా కుటుంబానికి చెందినది కావడం వల్ల, తెలుగులాగే ద్రావిడ భాషలైన కోయ, కొండ వంటివి మాట్లాడే పిల్లలకు తెలుగు నేర్చుకోవడంలో దొరికే కొద్దిపాటి ఆసరా కూడా వీరికి దొరకదు. గిడుగు రామమూర్తి గారు నూరేళ్లకు పూర్వమే సవరలో వాచకాలు రాశారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలైంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని చెబుతోంది, పిల్లలను మానసికంగా వేధించడాన్ని నిషేధిస్తోంది.

ఇలాంటి మిశ్రమ తరగతిలో పనిచేసినవారు దయచేసి చెప్పండి: సవర పిల్లలను వేరుగా కూర్చోబెట్టకుండా, రెండు భాషల్లో పాఠం ఎలా నడిపారు? సవర వాచకాలు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి? ఎగతాళి చేసే పిల్లలతో, వారి తల్లిదండ్రులతో ఏ విధంగా మాట్లాడారు? సవర బడిలో చదివి పెద్దవారైనవారు ఎవరైనా ఉంటే, ఆ వయసులో మీకు ఏది ధైర్యమిచ్చిందో తప్పక రాయండి.